పద్నాలుగో మిషన్ చొక్కా

జూన్ 3, మంగళవారం

మబ్బుగా ఉంది, గాలి లేదు. పొద్దున గేటు గడియకు నూనె వేశాను. ఫలితం లేదు. వానలు మొదలైతే గేటు చెక్క ఉబ్బి గడియ బిగుసుకుంటుంది. పైకెత్తి, అదే ఊపులో కింద కాలితో తన్నాలి. ఆ కిటుకు మీ అక్కకే వచ్చు. నేను వెనక తలుపు వాడుతున్నాను.

బావమరిదికి,

అక్క క్షేమంగా చేరిందని నువ్వు రాసిన కార్డు అందింది. ఫోన్ చెయ్యమన్నావు. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. కాగితం మీద కొంత నయం.

ఆమె వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి ఒక మాట అంది. "మంచం కింద నేల కనిపించిన రోజున వస్తాను. మీ అరకొర బొంతలు పూర్తయ్యి, ఆ పేలికలన్నీ చెల్లిపోయాకే." అడిగింది న్యాయమే. ఆ సాయంత్రమే లెక్క తీశాను. ట్రంకుపెట్టెలు మూడు, మంచం కింద మూటలు నాలుగు, బీరువా మీద ఒకటి. మొదలుపెట్టి ఆపిన బొంతలు ఏడు. మొదటిది ఉయ్యాల బొంత, పక్కింటి నర్సమ్మకు కొడుకు పుట్టినప్పుడు మొదలుపెట్టాను. తొమ్మిది ముక్కలు తక్కువ. ఆ పిల్లవాడు ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు.

నేను బద్ధకించి ఆపలేదని నీకైనా తెలియాలి. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు కటింగ్ బల్ల దగ్గర నిలబడ్డాను. అక్కడ మొదటి రోజు చెప్పేది ఒక్కటే, ఒక తాను గుడ్డను ఇంకో తానుతో కలపకూడదని. రెండూ నీలమే అంటారు, పక్కపక్కన పెడితే అన్నదమ్ముల పోలిక తప్ప ఒకటి కాదు. బొంతలు కుట్టడం నాకెవరూ నేర్పలేదు, నాకు తెలిసిన సూత్రమే దానికీ పెట్టుకున్నాను. ఏ తాను ముక్కలు అయిపోతే ఆ బొంత అక్కడ ఆగింది. అదే తానులో ముక్క ఎక్కడైనా దొరక్కపోదా అని చూశాను. దొరకలేదు. ఏడో బొంత సంగతి వేరు.

ఇక్కడ నాకు ఇబ్బందేమీ లేదు. వంట వచ్చు. అక్కకు తొందరేమీ లేదని చెప్పు.

ఈ రోజుకు ఇంతే.
బావ


జూన్ 8, ఆదివారం

మెడలో టేపు దిగని బావగారికి,

మీ ఉత్తరం అక్కకు గట్టిగా చదివి వినిపించాను. నేను చేసిన తప్పు అదే. గేటు దగ్గర నవ్వింది. ఉయ్యాల బొంత దగ్గర కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. "తొందరేమీ లేదు" దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అవి అప్పటికే తోమిన గిన్నెలు.

"విన్నావుగా. నేను లేకపోతే ఆయనకి హాయి."

"అది కాదక్కా, మొహమాటం."

"ముప్ఫై మూడేళ్ళు కాపురం చేశాక మొహమాటమేంట్రా?"

బావా, పెళ్ళానికి తొందర లేదని కబురు పెట్టే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. అది మర్యాదని మీరనుకుంటారు. వినేవాళ్ళకి గుండెలో గునపం.

ఇక్కడి సంగతులు వినండి. నా కళ్ళజోళ్ళ దుకాణం మీ కటింగ్ బల్ల అయిపోయింది. అక్క వచ్చిన మూడో రోజే ఫ్రేములన్నీ రంగుల వారీగా సర్దేసింది. చూడ్డానికి ఇంద్రధనుస్సులా ఉంది. పిల్లల ఫ్రేములు, పెద్దల ఫ్రేములు, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి కలిసిపోయాయి. నిన్న ఒక రిటైరయిన జడ్జిగారికి తెలియక పసిపిల్లల ఫ్రేము పెట్టాను. అది ఆయన చెవుల దగ్గర ఇరుక్కుంది, ఊడివచ్చేదాకా కాస్త కంగారు పడ్డాం. పైగా బేరం తెగే సమయానికి అక్క లోపల్నుంచి వచ్చి "మీ ముక్కుకి ఇది నప్పదు బాబూ" అంటుంది. మా ఆవిడ మాత్రం ఆడపడుచును వదిలేలా లేదు. వంటింట్లో అడుగుపెట్టి వారమైందని సంబరపడుతోంది.

ఇక మీ తానుల సిద్ధాంతం. రంగు కలవకపోతే కొంపలేం మునగవు. మీ పెళ్ళినాడు మా అమ్మ "గంతకు తగ్గ బొంత" అని నవ్వింది. మాటలు లేని మీరూ, మాట ఆపలేని మా అక్కా ఏ ఒక్క తానులోంచి వచ్చారు చెప్పండి? కుట్టెయ్యండి.

ఒక్క అనుమానం. అక్క అలక పేలికల మీద కాదేమో. మంచం కింద పెట్టె సర్దుతుంటే ఏదో కంటపడిందట. ఏంటని అడిగితే "ఏమీ లేదు" అంది. అక్క ఏమీ లేదు అందంటే చాలా ఉందని అర్థం.

దుకాణంలో ఏ ఫ్రేము ఎక్కడుందో తెలియని
మీ బావమరిది


జూన్ 13, శుక్రవారం

రాత్రినుంచి వాన. వంటింటి కిటికీ కింద నీళ్ళు చేరితే పాత తువ్వాలు పెట్టి తుడిచాను. ఆ తువ్వాలు కూడా బొంతకు పనికొస్తుందని ఆరేశాను.

బావమరిదికి,

తొందర లేదన్నది ఆమె సౌకర్యం చూసి రాసిన మాట. తప్పయితే కొట్టెయ్. వస్తే మంచిదే. కుట్టుమిషన్ కీచుమంటోంది, దానికి నూనె ఎక్కడెక్కడ వెయ్యాలో ఆమెకే తెలుసు.

ఉయ్యాల బొంత పూర్తయింది. తొమ్మిది ఖాళీల్లో బూడిద రంగు ముక్కలు వేశాను. తాను వేరు, గుడ్డ మందం కూడా వేరు. రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పాను. మూడోసారి కుట్టిన వెంటనే నాలుగు వైపులా అంచు పట్టీ వేసేసి, ఇక విప్పడానికి వీల్లేకుండా చేసుకున్నాను.

నర్సమ్మను పిలిచి ఇచ్చాను. గేటు తెరుచుకోక గోడ మీదనుంచే అందుకుంది.

"ఎవరికండీ ఇది?"

"మీ అబ్బాయికి. పుట్టినప్పుడు అనుకున్నాం."

"వాడి ఒక కాలికి సరిపోతుందిలెండి," అని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ బూడిద రంగువి భలే వేశారే. లేకపోతే వెలవెలబోయేది."

ఇరవై నాలుగేళ్ళు ఆ తొమ్మిది ముక్కల కోసం ఆగాను. ఆమెకు నచ్చినవి అవే. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ ఊపులో ఇంకో మూడు పూర్తి చేశాను. ఒకటి పోస్టుమాన్‌కి ఇచ్చాను, సైకిల్ సీటు మీద మడిచి వేసుకున్నాడు. ఒకటి దర్జీ అడిగి తీసుకున్నాడు, ఇస్త్రీ బల్ల మీద పరుస్తాడట. పడుకోవడానికి కుట్టిన బొంత మీద ఎవరూ పడుకోవడం లేదు. అయినా పరవాలేదు. మంచం కింద సగం నేల కనిపిస్తోంది. గచ్చు ఎర్రదని మరిచిపోయాను.

పెట్టెలు ఖాళీ చేస్తూ లెక్క సరిచూశాను. అడుగుపెట్టెలో ఒకటి తక్కువ వచ్చింది. ఏమిటో ఇప్పుడు రాయను. ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది.

సూదులు రెండు విరిగాయి. ఈ రోజుకు ఇంతే.
బావ


జూన్ 18, బుధవారం

బావగారికి,

మీకు తక్కువ వచ్చింది మీ ఇంట్లో లేదు. నా ఇంట్లో ఉంది.

ముందు నూనె సంగతి. "వస్తే మంచిదే, మిషన్‌కి నూనె వెయ్యాలి" అని రాశారు. అక్క విని, "నూనెడబ్బా పంపిస్తాను, కాపురం చెయ్యమను" అంది. ఈసారి గిన్నెలు తోమలేదు. నేరుగా వెళ్ళి సంచిలోంచి ఒక చొక్కా తీసి నా ముందు బల్ల మీద పడేసింది.

నీలం చారల చొక్కా. ఎవరూ తొడగని చొక్కా అని చూడగానే తెలుస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం కాస్త వెలిసినట్టు ఉంది. నేను కళ్ళద్దాలు అమ్మేవాణ్ణి కాబట్టి పట్టేశాను గానీ, మామూలువాళ్ళకి తెలియదు. గుండీకి దారంతో ఒక చీటీ. మీ చేతిరాతే. "14వ మిషన్. ఎడమ చెయ్యి వేరే తానులోది." కింద తేదీ, ముప్ఫై నాలుగేళ్ళ కిందటిది.

పద్నాలుగో మిషన్ మీద కూర్చున్నది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

అక్క చెప్పిందే రాస్తున్నాను. "ఫ్యాక్టరీలో చేరి నెలయినా కాలేదురా. ఆ సూపర్‌వైజరు చొక్కాని పైకెత్తి పట్టుకుని వరసంతా నిలబెట్టి చూపించాడు. 'ఈ అమ్మాయి కళ్ళు ఇంటి దగ్గర పెట్టి వచ్చింది' అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నేను బాత్రూంలో ఎంతసేపు ఏడ్చానో నాకే తెలుసు. ఆ చొక్కా ఎప్పుడో చింపేసి ఉంటారనుకున్నాను. మీ బావ దాన్ని మడతపెట్టి, నంబరు వేసి, నా మంచం కింద దాచుకున్నారు. నా తప్పుకి చీటీ కట్టి దాని మీదే నన్ను పడుకోబెట్టారు."

బావా, నాకు జోకు రాలేదు. మా ఆవిడ కూడా పొయ్యి ఆపి వచ్చి నిలబడింది.

ఇంకో మాట. మా దుకాణం వెనక గది ఖాళీగా ఉంది. అక్క అందులో ఒక మిషన్ పెట్టుకుంటానంటోంది. బట్టలు సరిచేసే పని ఈ వీధిలో బోలెడు. ఇంటాయనతో మాట్లాడింది. వచ్చే ఆదివారం కాక, ఆ పై ఆదివారం, ఇరవై తొమ్మిదిన, తాళంచెవి తీసుకుంటుంది. తీసుకుందంటే ఇక మీ ఇంటికి చుట్టపుచూపుగా రావడమే.

ఈసారి వాతావరణం రాయకపోయినా పరవాలేదు. ఆ చీటీ ఎందుకు కట్టారో రాయండి.

బావమరిది


జూన్ 21, శనివారం

వాన లేదు. పొద్దున ఏమీ చెయ్యలేదు.

బావమరిదికి,

ఇది ఆమెకు చదివి వినిపించు. మధ్యలో ఆపకు, నీ మాటలు కలపకు.

కటింగ్ ఎలా చేస్తారో ఆమెకు తెలుసు, నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. నలభై వరసల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకేసారి కోస్తాం. తరవాత ప్రతి వరసకూ నంబరు చీటీ అంటిస్తాం. ఒంటి భాగానికి ఏ నంబరో చేతులకూ అదే నంబరు. కుట్టేవాళ్ళు రంగు చూడరు, నంబరు చూస్తారు. నంబరు కలిస్తే కుట్టాలి. అదే వాళ్ళ పని.

ఆ రోజు ఇరవై రెండో వరస దగ్గర తాను అయిపోయింది. కొత్త తాను వేశాం. ఎడమ చేతుల దొంతరకు నంబర్లు అంటించేటప్పుడు నేను ఒక వరస తప్పాను. పాత తాను ఒంటికి కొత్త తాను చెయ్యి వెళ్ళింది. పద్నాలుగో మిషన్ అమ్మాయి నంబరు చూసి కుట్టింది. ఆమె కుట్టిన దాంట్లో తప్పు లేదు. తప్పు నాది.

సూపర్‌వైజరు చొక్కా ఎత్తి చూపించినప్పుడు నేను నాలుగు బారల దూరంలో ఉన్నాను. చేతిలో కత్తెర ఉంది. నాకు అక్కడ రెండో నెల. నా తప్పని చెప్పకుండా తల దించుకుని మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది రోజువారీ పుస్తకం తీసి చూశాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"ఎండ. నలభై వరసలు, రెండుసార్లు. నంబర్లు తప్పు వేశాను. 14వ మిషన్ అమ్మాయికి మాట పడింది. పక్కన పడేసిన చొక్కా అడిగి తెచ్చాను. రేపు చెప్పాలి."

మర్నాడు: "ఎండ. చెప్పాలి." ఆ తరవాత పదకొండు రోజులు ఆ మాట ఉంది. పన్నెండో రోజు: "14వ మిషన్ అమ్మాయి నీళ్ళ దగ్గర పలకరించింది. కత్తెర పదును బాగుందా అని అడిగింది." ఆ రోజు చెప్పాలి అని రాయలేదు. ఏడాదికి పెళ్ళయింది. పెళ్ళయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది. రోజులు గడిచేకొద్దీ తప్పు పెద్దదవలేదు, చెప్పకపోవడం పెద్దదైంది.

చీటీ మీద ఆమె నంబరు రాసింది, తప్పు ఆమెదని కాదు. ఎవరికి చెప్పాలో మరిచిపోకూడదని. అప్పటికి నాకు ఆమె పేరు తెలియదు.

ఏడో బొంత సంగతి వేరని రాశాను. అది ఆ నీలం చారల పాత తానుతో మొదలుపెట్టింది. పెద్దది, ఇద్దరికి సరిపోయేది. సరిగ్గా మధ్యలో ఒక్క ముక్క తక్కువ. ఆ తానులో మిగిలిన గుడ్డ ఈ చొక్కా ఒక్కటే. కోస్తే అదే రోజున పూర్తయ్యేది. కొయ్యలేకపోయాను. కోస్తే ఇక చెప్పాల్సిన పని లేకుండా పోతుందనిపించింది.

మిగతా ఆరూ అయిపోయాయి. పెట్టెలు ఖాళీ. మంచం కింద ఈ చివరినుంచి ఆ చివరికి నేల కనిపిస్తోంది. నిన్న దాన్ని తుడిచాను. తుడిచాక ఇల్లు మరీ ఖాళీగా ఉంది.

ఇంటికి రమ్మని చెప్పు. నూనె కోసం కాదు.

బావ


జూన్ 27, శుక్రవారం

బావగారికి,

చెప్పినట్టే చదివాను. ఆపలేదు, కలపలేదు. నా జన్మలో మొదటిసారి.

అక్క కదలకుండా వింది. అయ్యాక, "తప్పు నాది అన్న చోటు ఇంకోసారి చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. మూడోసారికి మా ఆవిడ కూడా వరస కలిపింది.

నవ్వుతుందనుకున్నాను. లేదు. లేచి నిలబడింది. "నంబరు నేనే తప్పు చూశాననుకుని ఇరవై రెండేళ్ళు ప్రతి ముక్కకీ నంబరు రెండుసార్లు చూశాను. రెండుసార్లు. ఈ కళ్ళజోడు అందుకే వచ్చింది. పక్కనే పడుకుని, ఒక్క రాత్రి నోరు తెరిచి చెప్పలేకపోయారా?" ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క మాట్లాడకపోతే ఎంత భయంగా ఉంటుందో మీకేం తెలుస్తుంది, మీ ఇంట్లో ఒకరైనా మాట్లాడేవాళ్ళుండేవారు.

మర్నాడు పొద్దున నా దుకాణంలో కత్తెర అడిగింది. చొక్కా ఎడమ చెయ్యి కుట్టు విప్పి, దాన్ని మాత్రం కోసింది. ఆరంగుళాల చదరం. టేపు లేకుండా, కంటితోనే. కొలిచి చూశాను, సరిగ్గా ఆరు. ఇందులో పెడుతున్నాను. "మధ్యలో ఇది వెయ్యమను. పాత తాను ముక్క కాదు, ఈ వెలిసిందే. అందరికీ కనపడాలి" అంది. మిగతా చొక్కా ఆమె దగ్గరే ఉంది, ఇవ్వనంది.

చీటీ కూడా పెడుతున్నాను. నంబరు దిద్ది ఉంచమంది.

వస్తుందా అని నన్నడగకండి. నిన్న సంచి సర్దింది, సాయంత్రానికి విప్పింది. తాళంచెవి సంగతి ఎత్తితే "ఎల్లుండి ఆదివారం కదా" అంటుంది. ఫ్రేములు మాత్రం మళ్ళీ సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టింది. దీన్నిబట్టి ఏమనుకోవాలో నాకు తెలియదు. మా ఆవిడ అప్పుడే మొహం వేలాడేసింది.

మధ్యలో ఇరుక్కున్న
బావమరిది


జూలై 2, బుధవారం

తెల్లవారుజామున జల్లు, ఇప్పుడు తెరిపి ఇచ్చింది. మిషన్‌కి నూనె వేశాను. ఎక్కడెక్కడ వెయ్యాలో నాకు ముందునుంచీ తెలుసు. ఆ సంగతి కూడా రాసుకోవాలి.

బావమరిదికి,

ముక్క సోమవారం అందింది. ఆదివారం ఏమైందో నువ్వు రాయలేదు. నేను అడగను.

చీటీ దిద్దాను. పద్నాలుగు కొట్టేసి "కటింగ్ బల్ల" అని రాశాను. తేదీ మార్చలేదు. కింద ఈ రోజు తేదీ వేసి "చెప్పాను" అని రాశాను.

ముక్క మధ్యలో పెట్టి నాలుగు వైపులా కుట్టాను. ఒకే ఊపులో, విప్పలేదు. దూరంగా నిలబడి చూస్తే కన్ను నేరుగా అక్కడికే పోతోంది. ముందు కాస్త ఇబ్బందిగా అనిపించింది. భోజనం చేసి వచ్చి మళ్ళీ చూశాను. ఆ ముక్క లేకపోతే మిగతాదంతా ఒక తానులో పొడవాటి గుడ్డలాగే ఉండేది, బొంతలా ఉండేది కాదు. నర్సమ్మ చెప్పింది ఇదేననుకుంటాను.

బొంతను మంచం మీద పరిచాను. ఇద్దరికీ సరిపోతుంది, రెండు వైపులా జానెడు వేలాడుతుంది. అంచు పట్టీ మూడు వైపులా అయింది. నాలుగో వైపు మిగిలింది. సూదికి దారం ఎక్కించి పెట్టాను. ఇది ముగించి, ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చి, సాయంత్రంలోగా

గేటు దగ్గర చప్పుడు. పోస్టుమాన్ ఈ వేళకు రాడు. నర్సమ్మ అయితే గోడ మీదనుంచి పిలుస్తుంది. గడియ పైకెత్తి, అదే ఊపులో కింద కాలితో తన్నిన చప్పుడు.

నాలుగో అంచు ఇద్దరం కలిసి